ఇంజన్ కంప్యూటర్ తాళాలు, వాహనాల ట్యూనింగ్

ఇంజన్‌లోకి ఎంత ఇంధనం పోవాలి, ఏ క్షణాన పోవాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నవి నిర్ణయించే చిన్న కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. మన షెడ్లలో దాని పేరు ఈసీఎం. కంపెనీ అందులో రాసిపెట్టిన లెక్కలను మార్చి బండికి పికప్పు, లాగుడు, ఒక్కోసారి మైలేజీ పెంచే పనిని రీమ్యాపింగ్ అనీ ట్యూనింగ్ అనీ పిలుస్తారు. 2010 ప్రాంతం నుంచి తయారీదారులు ఈ కంప్యూటర్లకు ఒకదాని మీద ఒకటిగా తాళాలు బిగిస్తూ వచ్చారు. వాటి వల్ల ట్యూనింగ్ ఆగలేదు, చేతులు మాత్రం మారింది. ఊరి డీజిల్ పంపు మెకానిక్ వేలికొసల్లో ఉన్న పని ఖరీదైన పరికరం, లైసెన్సు, ఎక్కడో దూరాన ఉన్న ఫైలు అనే మూడింటి మధ్యకు వెళ్ళిపోయింది.

పంపు కాలం

పల్నాడు జిల్లాలో నరసరావుపేట, సత్తెనపల్లి మధ్య ఉన్న ముప్పాళ్ళ లాంటి మండలాల్లో ఈ మార్పును ట్రాక్టరు నుంచి మొదలుపెట్టి చూడాలి. అక్కడ ఇంజన్ అంటే ముందు గుర్తొచ్చేది కారు కాదు. పత్తి, మిరప చేలలో తిరిగే ట్రాక్టరు, మిరప బస్తాలు గుంటూరు యార్డుకు చేర్చే బొలెరో పికప్పు, పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల వైపు సిమెంటు మోసే లారీ. వీటిలో పాతవాటన్నిటికీ డీజిల్ పంపే మెదడు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ పేరు ఆ పంపుకు అతుక్కుపోయి, కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా ‘మైకో పంపు’ అన్న మాట పోలేదు.

పంపు మీద ఫుల్‌లోడ్ స్క్రూ ఒకటి, గవర్నర్ స్ప్రింగు ఒకటి ఉంటాయి. పంపును ఇంజన్‌కు బిగించే చోట కాస్త తిప్పితే టైమింగ్ ముందుకో వెనక్కో జరుగుతుంది. అనుభవమున్న మెకానిక్ పంపును విప్పి టెస్ట్ బెంచి మీద పెట్టి, ఒక్కో నాజిల్‌కు ఎంత డీజిల్ పోతోందో గాజు గొట్టాల్లో కొలిచి, స్క్రూ తిప్పి బండి బలం పెంచేవాడు. ఎక్కువ తిప్పితే సైలెన్సర్ నల్లగా కక్కేది. బలం పెరిగిందనడానికీ డీజిల్ వృథా అవుతోందనడానికీ సాక్ష్యం ఆ పొగే. అప్పుడు తాళం లేదా అంటే ఉంది. ఫుల్‌లోడ్ స్క్రూకు కంపెనీ తీగ చుట్టి సీసపు సీలు వేసేది. దాన్ని కటింగ్ ప్లేయరుతో తెంపొచ్చు. తెంపితే వారంటీ పోతుంది, అంతే. ఈ సీలుకూ నేటి డిజిటల్ తాళానికీ తేడా బలంలో మాత్రమే కాదు. సీలు తెగిందని ఎవరైనా కళ్ళతో చూసి చెప్పగలరు. డిజిటల్ తాళం వెనక ఏముందో యజమానికి కూడా కనపడదు.

ట్రాక్టర్లలో ఈ పాత ప్రపంచం ఇంకా పూర్తిగా పోలేదు. 50 హార్స్‌పవర్‌కు పైబడిన వాటికే 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 కాలుష్య ప్రమాణం వచ్చింది. ఆ ప్రమాణం అందుకోవడానికి వాటికి కామన్ రైలు అనే కొత్త డీజిల్ పద్ధతి, కంప్యూటర్ ఎక్కాయి. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేవి 50 లోపువే కాబట్టి పంపు బెంచీలకు ఇంకా పని దొరుకుతోంది. కార్లలో, లారీల్లో ఆ కాలం ఎప్పుడో గడిచింది.

మ్యాపులో ఏముంటుంది

పెట్రోలు వైపు బాష్ మోట్రోనిక్ 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో వచ్చింది. ఇంధనాన్నీ నిప్పునీ ఒకే పెట్టె చూసుకోవడం అక్కడ మొదలు. డీజిల్ వైపు అసలు మలుపు కామన్ రైలు. 1997లో ఆల్ఫా రోమియో 156తో అది కార్లలోకి వచ్చింది. పంపు ఇప్పుడు డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో రైలు అనే ఒక గొట్టంలో నిలవ చేస్తుందంతే. ఎప్పుడు, ఎంతసేపు చిమ్మాలో కంప్యూటర్ ఇంజెక్టర్‌కు చెబుతుంది.

ఆ చెప్పడం పట్టికల్లో ఉంటుంది. వాటినే మ్యాపులంటారు. ఒక పక్క ఇంజన్ చుట్లు, ఇంకో పక్క పెడల్ తొక్కుడు, రెండూ కలిసే గడిలో ఒక అంకె. అలాంటి పట్టికలు ఒక్క కంప్యూటర్‌లో వందల కొద్దీ ఉంటాయి. డ్రైవర్ అడిగిన బలం ఎంత, గేరు బాక్సు తట్టుకునే బలం ఎంత, పొగ రాకుండా ఈ గాలికి ఎంత డీజిల్ పోయొచ్చు, ఇంజన్ కాగితే ఎంత తగ్గించాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పట్టిక. కంప్యూటర్ అన్నిటినీ అడిగి, వాటిలో తక్కువ చెప్పినదాని మాట వింటుంది. అందుకే ఒక్క పట్టికలో అంకె పెంచితే బండి మారదు. ట్యూనర్ ఆ అడ్డుకట్టలన్నీ వెతికి, ఏది ఎంతవరకు జరపొచ్చో తెలుసుకుని జరపాలి. టర్బో ఉన్న ఇంజన్‌లో ఈ పనితో సుమారు 20 నుంచి 30 శాతం బలం పెరుగుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్‌లో పెరిగేది చాలా స్వల్పం. ఆ మాట ముందే చెప్పే ట్యూనర్‌ను నమ్మొచ్చు.

కంపెనీ అంత బలం ఎందుకు వదిలేసింది అన్నది సహజమైన ప్రశ్న. లడఖ్ చలి నుంచి రెంటచింతల ఎండ దాకా, మంచి డీజిల్ నుంచి కల్తీ డీజిల్ దాకా ఒకే మ్యాపుతో నడవాలి కాబట్టి కొంత వదులు పెడుతుంది. ఒకే ఇంజన్‌ను రెండు ధరలకు అమ్మడానికి కూడా కొంత వదులుతుంది. ఫియట్ 1.3 లీటరు మల్టీజెట్ దీనికి మంచి ఉదాహరణ. స్విఫ్ట్ మొదలు ఇండికా విస్టా దాకా ఎన్నో కంపెనీల కార్లలో కూర్చుని ‘దేశపు ఇంజన్’ అనిపించుకుంది. కొన్నింటిలో 75 హార్స్‌పవర్, కొన్నింటిలో 90. ఆ తేడాలో కొంత టర్బోది, కొంత సాఫ్ట్‌వేర్‌ది. ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద రీమ్యాప్ అన్న మాట కారు యజమానుల నోళ్ళలో పడింది ఇలాంటి డీజిల్ కార్లతో, ఆ తర్వాత పోలో, ఆక్టేవియా వంటి టర్బో పెట్రోలు కార్లతో. కొచ్చిలోని పీట్స్, కోయంబత్తూరులోని కోడ్6, బెంగళూరులోని రేస్ డైనమిక్స్ పేర్లు దక్షిణాదిలో ఈ పనికి తెలిసినవి. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది, ఆ చిన్న ఇంజన్ కథ అక్కడితో ముగిసింది.

తాళాల వరసలు

మొదటి తాళం అసలు తాళమే కాదు. ఫైల్లోని అంకెలన్నీ కలిపి ఒక మొత్తం రాసిపెట్టేవారు. అంకె మార్చి మొత్తం మార్చకపోతే బండి స్టార్టు కాదు. ట్యూనర్లు ఆ లెక్కను తొందరగానే నేర్చుకున్నారు. రెండోది సంకేత పదం. లోపాలు చదవడానికి బండిలో ఉండే ఓబీడీ సాకెట్‌కు పరికరం తగిలిస్తే కంప్యూటర్ ఒక సంఖ్య ఇస్తుంది, సరైన జవాబు సంఖ్య వస్తేనే తలుపు తీస్తుంది. అదీ నిలవలేదు.

మూడోది గట్టిది. బాష్ ఈడీసీ17 తరం నుంచి సాఫ్ట్‌వేర్‌కు డిజిటల్ సంతకం వచ్చింది. తయారీదారు దగ్గర రహస్య సంఖ్య ఉంటుంది, దానితో ఫైలుకు సంతకం పెడతారు. బండిలోని కంప్యూటర్ దగ్గర ఉండేది సంతకాన్ని సరిచూసే సంఖ్య మాత్రమే, పెట్టే సంఖ్య కాదు. రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రను గుర్తుపట్టడం అందరికీ వచ్చు, వేయడం ఆ ఆఫీసుకే చెల్లు, ఇదీ అంతే. తర్వాతి ఎండీ1, ఎంజీ1 తరంలో ఈ పరిశీలన ప్రాసెసర్ లోపలే, విడిగా కూర్చున్న భద్రతా భాగంలో జరుగుతుంది. అక్కడికి బయటి పరికరం చేరడం చాలా కష్టం.

అయినా చేరారు. సాకెట్ మూసుకుంటే పెట్టెనే విప్పి బల్ల మీద పెట్టి, పిన్నులకు తీగలు తగిలించి, ప్రాసెసర్ నిద్రలేచే క్షణంలో లోపలికి దూరారు. దీన్నే బెంచి పద్ధతి, బూట్ పద్ధతి అంటారు. పని అయ్యాక మళ్ళీ నీరు చొరకుండా అతికించాలి. వానాకాలంలో ఆ అతుకు ఊడితే ఈసీఎం ఖర్చు యజమానిదే. బీఎండబ్ల్యూ 2020 జూన్ తర్వాత తయారైన కార్ల కంప్యూటర్లను బిగించినప్పుడు, ప్రపంచంలో ఎక్కడెక్కడి యజమానులో పెట్టెలు ఊడదీసి ఫిన్లండ్‌లోని ఒక సంస్థకు పార్సిల్ చేసి తాళం తీయించుకున్నారు. బీఎండబ్ల్యూ ఇంజన్‌తో వచ్చిన టొయోటా సుప్రా వాళ్ళదీ అదే దారి. అమెరికాలో కొన్ని డాడ్జ్ కార్లకైతే తాళం తీసిన వేరే పెట్టె కొని బిగించుకోవడమే మార్గమైంది. ఒకప్పుడు సాయంత్రానికి తేలే పని వారాలకు, పరాయి దేశాలకు సాగింది. తాళం చేసిన అసలు మార్పు ఇదే.

తాళం తీసేవాళ్ళు కూడా తాళాలు వేసుకోవడం ఈ రంగంలో ఒక తమాషా. ఇటలీకి చెందిన ఏలియన్‌టెక్ వంటి కంపెనీల పరికరాలు మాస్టర్, స్లేవ్ అని రెండు రకాలు. స్లేవ్ పరికరం చదివిన ఫైలును దాని మాస్టర్ తప్ప ఇంకెవరూ తెరవలేరు. చిన్న పట్నంలో స్లేవ్ పరికరం కొన్నవాడు ఫైలు చదివి ఇంటర్నెట్‌లో మాస్టర్‌కు పంపుతాడు. అవతల ఎవరో, బండిని ఎన్నడూ చూడనివారు, అంకెలు మార్చి తిప్పి పంపుతారు. ఇతను ఎక్కిస్తాడు. కంపెనీ తాళం మీద కోపగించుకునే ట్యూనర్ తన ఫైలుకు మాత్రం తాళం వేయడం న్యాయమేనా అని అడిగితే నవ్వు తప్ప జవాబు రాదు.

పెట్టె తెరవలేని చోట దాన్ని మోసం చేసే పరికరాలు పెరిగాయి. ట్యూనింగ్ బాక్సు రైలు సెన్సార్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా ఉందని చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఒత్తిడి పెంచుతుంది. తీసేస్తే ఫైలులో ఆనవాలు ఉండదు కాబట్టి వారంటీ ఉన్న బండ్లవాళ్ళు దీన్నే కోరతారు. మోటారు సైకిళ్ళలో రేస్ డైనమిక్స్ తయారు చేసే పవర్‌ట్రానిక్ ఇదే కోవలోది. కేటీఎం డ్యూక్ కుర్రకారుకు పరిచయమైన పేరు. సెన్సార్లే డిజిటల్ భాషలో మాట్లాడే కొత్త బండ్లలో ఈ అబద్ధం చెప్పడం కూడా కష్టమవుతోంది. ఇక పెడల్ బాక్సు అనేది బలం పెంచదు, తొక్కుడుకు స్పందన మాత్రం త్వరగా ఇస్తుంది. డబ్బు పెట్టే ముందు ఈ రెంటి తేడా తెలుసుకోవాలి.

తాళం ఎవరి మేలుకు

కంపెనీలు చెప్పే కారణాలు మూడు: కాలుష్యం, భద్రత, వారంటీ. మూడూ నిజమే, మూడూ సగం నిజమే.

భద్రత సంగతి 2015లో అందరికీ అర్థమైంది. ఆ ఏడాది ఇద్దరు అమెరికన్ పరిశోధకులు జీప్ చెరోకీని ఎక్కడో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. 14 లక్షల వాహనాలను కంపెనీ వెనక్కి పిలిచింది. ఆపై ఐక్యరాజ్యసమితి వేదిక మీద ఆర్155, ఆర్156 అనే నిబంధనలు వచ్చాయి. మన దేశంలో వాటికి దీటుగా ఏఐఎస్-189, ఏఐఎస్-190 రాశారు. బయటివాడు బ్రేకును తాకకూడదన్నది ఎవరూ కాదనరు. కానీ బ్రేకును కాపాడే తాళమే ఇంజన్ మ్యాపును, చెక్ లైటు ఆర్పే అవకాశాన్ని కూడా మూసేస్తోంది.

కాలుష్యం వాదనకు బలమైన ఆధారం అమెరికాదే. అక్కడి పర్యావరణ సంస్థ 2020 నివేదిక ప్రకారం దశాబ్ద కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పుల నుంచి కాలుష్య పరికరాలు పీకేశారు. అది రీమ్యాప్ ఫైలుతోనే సాధ్యం. ఇంత జరిగాక తాళం వద్దని వాదించేవారు కాస్త ఆలోచించాలి.

అయితే మూసిన పెట్టె వెనక ఏం జరగగలదో చూపించింది కూడా కాలుష్యం కథే. 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారంలో, పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా కోటి పది లక్షల బండ్లలో ఉంది. మన దేశంలో 3,23,700 కార్లను వెనక్కి పిలుస్తామని కంపెనీ ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేసిందో 2017లో జర్మనీ, అమెరికా పరిశోధకులు విడమరచి చూపారు. వాళ్ళకు ఉపయోగపడినవాటిలో ట్యూనర్ల మధ్య చేతులు మారిన కంపెనీ లోపలి పత్రాలు కూడా ఉన్నాయి. తాళం దొంగను ఆపాలి కదా, ఇక్కడ దొంగతనం తాళం లోపలే జరిగింది. దాన్ని విప్పడానికి తాళం తీసేవాళ్ళ కాగితాలు పనికొచ్చాయి.

వారంటీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎన్నిసార్లు ఫైలు ఎక్కించారో కంప్యూటర్ లెక్క పెట్టుకుంటుంది. ఫోక్స్‌వాగన్ కుటుంబం బండ్లకైతే టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడ్డ బండికి ఇంజన్ వారంటీ అడగడం దండగ.

చట్టం

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించినదానికి ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. చిత్రమేమంటే రీమ్యాప్ చేస్తే ఆర్‌సీలో సీసీ మారదు, రంగు మారదు, బండి బయటికి అలాగే ఉంటుంది. పొల్యూషన్ చెకింగ్‌లో డీజిల్ బండికి చూసేది పొగ నలుపు. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్‌లను ఆ పరీక్ష కొలవదు. లైటు రంగు మారిస్తే పట్టుకునే వ్యవస్థ ఇంజన్ మెదడు మారితే పట్టుకోలేకపోతోంది.

కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ళ వరకు జైలు అంటుంది. ఉద్దేశం అన్న మాట ఇక్కడ కీలకం. సాఫ్ట్‌వేర్ పనితీరును గమనించడం, పరీక్షించడం తప్పు కాదని సెక్షన్ 52 మినహాయింపులు చెబుతున్నాయి. (ఇది కాపీరైటు చట్టంలోని 52. మోటారు చట్టంలోదీ 52 కావడం కాకతాళీయం.) అమెరికాలో ఇంతకంటే స్పష్టత ఉంది. 2015లో యజమాని తన కారు, ట్రాక్టరు సాఫ్ట్‌వేర్ తాళం తీసుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు, 2018లో యజమాని తరఫున మెకానిక్‌కూ ఇచ్చారు. కాలుష్య చట్టం నుంచి మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

మన దేశంలో పెద్ద తీర్పు ట్యూనింగ్ మీద కాదు, రిపేరు మీద వచ్చింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రోగం కనిపెట్టే స్కానర్లు, సాఫ్ట్‌వేర్ బయటి మెకానిక్కులకు దొరకకుండా చేశారన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలను, వాహనాలను అందులో చేర్చింది. పల్నాడులో ట్రాక్టరున్న ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమిది. పేపర్లలో మాత్రం సెల్‌ఫోన్ వార్తగానే కనపడింది.

పల్నాడు రోడ్ల మీద

ఇక్కడ ఈ తాళాల దెబ్బ ముందు తగిలింది స్పీడు కోరే కుర్రాళ్ళకు కాదు, లారీలకు. భారత్ స్టేజ్-4లోనే టాటా లారీలు సైలెన్సర్‌లోకి యూరియా ద్రావణం చిమ్మే పద్ధతికి వెళ్ళాయి. అశోక్ లేలాండ్ అప్పుడు దాన్ని తప్పించుకుంది. స్టేజ్-6 వచ్చాక పెద్ద లారీల్లో అది తప్పనిసరి భాగమైంది. 32.5 శాతం యూరియా ఉండే ఆ ద్రావణాన్ని డ్రైవర్లు ఉత్తినే ‘యూరియా’ అంటారు. అది అయిపోయినా, దాని సెన్సార్ పాడైనా కంప్యూటర్ ముందు లైటు వేస్తుంది, తర్వాత బలం తగ్గిస్తుంది. సున్నం లోడుతో ఎత్తు ఎక్కుతున్న లారీకి బలం తగ్గితే దారి మధ్యలో నిలవడమే. ఊరి మెకానిక్ దగ్గర స్కానర్ ఉన్నా లోపం చదవగలడు గానీ, సెన్సార్ మార్చాక కొత్తదాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే అధికారం కొన్ని బండ్లలో అతనికి లేదు. షోరూం దాకా లాక్కుపోవాలి.

ఈ విసుగులోంచే యూరియా వ్యవస్థను సాఫ్ట్‌వేర్‌లో చంపేసే ‘డిలీట్’ వ్యాపారం పుట్టింది. అది చట్టవిరుద్ధం, ఊపిరితిత్తులకు చేటు. దాన్ని సమర్థించలేం. కానీ సక్రమంగా రిపేరు చేసే దారి మూసి, అక్రమంగా పీకేసే దారి దొంగచాటుగా తెరిచి ఉంచిన ఏర్పాటును కూడా సమర్థించలేం. వేగం మీదా ఇదే రగడ. రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు, ట్యాంకర్లకు, టిప్పర్లకు, స్కూలు బస్సులకు 60 అన్న పరిమితి చాలా బండ్లలో ఇప్పుడు ఈసీఎంలోనే ఉంది. ఆ తాళం తీయమని అడిగేవారికి తీయకూడదని చెప్పడమే సరైన ట్యూనింగ్.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రానిదే మే నెల గడవదు. 45 డిగ్రీల గాలి పల్చగా ఉంటుంది, టర్బో దాన్ని మరీ కాగబెడుతుంది, ఇంటర్‌కూలర్ చల్లార్చగలిగింది కొంతే. కంపెనీ వదిలిన వదులు ఇలాంటి మధ్యాహ్నాల కోసమే. డిసెంబరులో బెంగళూరులో బలం కొలిచే డైనో మీద అందంగా వచ్చిన 30 శాతం, మే నెలలో నరసరావుపేట రోడ్డు మీద ఏసీ వేసుకుని నలుగురితో వెళ్ళే కారులో అంతే వస్తుందనుకోవడం పొరపాటు. వేడి పట్టికలను కూడా జరిపేసిన ఫైలైతే బలం వస్తుంది, టర్బో పోతుంది. బండిని చూడని మాస్టర్ రాసిన ఫైలుకు ఇక్కడి ఎండ తెలియదు. తాళాలు పని దూరం పెంచడం వల్ల వచ్చిన నష్టాల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను.

కాలుష్యం, బ్రేకు, వేగ పరిమితుల తాళం ఉండాలి. లోపం చదవడం, సెన్సార్ మార్చి నమోదు చేయడం, కంపెనీ అసలు ఫైలును తిరిగి ఎక్కించడం ఏ మెకానిక్‌కైనా సరసమైన ధరకు అందాలి. ఈ రెంటినీ విడదీయడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. కంపెనీలు తమంతట చేయవు కాబట్టి నిబంధన రాయాల్సింది ప్రభుత్వం. అంతవరకు రీమ్యాప్ చేయించే పాఠకులు కంపెనీ అసలు ఫైలు కాపీ ముందుగా తీసి దగ్గర పెట్టుకోవాలి, ఇన్సూరెన్సు కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. ఫైలు రాసింది ఎవరైనా, 182ఎ(4) నోటీసు వచ్చేది ఆర్‌సీ మీద పేరున్నవారికే.